వెళ్లిపోగల స్వేచ్ఛ: లండన్ ఈస్ట్ ఎండ్ నుంచి స్టూవర్టుపురం దాకా

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నగర సంఘాల్లో పరిచర్య చేస్తున్న సోదర సోదరీమణులకు వందనాలు.

నగరంలోని పేదల మధ్య క్రైస్తవ పరిచర్య గురించి మాట్లాడమని నన్ను కోరారు. బస్తీల్లో రోజూ తిరిగేవారే ఇక్కడ ఎక్కువమంది కూర్చున్నారు కనుక, ఆ పని ఎంత అవసరమో మీకు చెప్పబోవడం లేదు. ఆ పనికి ఉన్న చరిత్రల్లో ఒకటి లండన్ తూర్పు పేటల్లో మొదలై మన బాపట్ల దాకా వచ్చింది. ఒకచోట పేదవాడు లేచి నిలబడటానికి చేయూతనిచ్చిన పద్ధతి, మరోచోట అతన్ని హాజరు పట్టీకి కట్టేసే పద్ధతిగా ఎలా మారిందన్నదే ఈ రోజు నా ప్రశ్న.

విలియం బూత్ 1829లో నాటింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రి ఆస్తి పోగొట్టుకోవడంతో 13వ ఏట తాకట్టు దుకాణంలో పనికి కుదిరారు. పేదరికాన్ని చూడటానికి ఆ రోజుల్లో అంతకంటే దగ్గరి చోటు లేదు. ఆ తరువాత మెథడిస్టు బోధకుడై, సంఘపు కట్టుబాట్లలో ఇమడలేక బయటికొచ్చి, 1865లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధుల్లో సువార్త చెప్పడం ప్రారంభించారు. ఆయన భార్య కాథరిన్ స్వయంగా గొప్ప ప్రసంగీకురాలు. స్త్రీలకు బోధించే హక్కు ఉందని 1859లోనే రాసి ప్రచురించిన మనిషి. వీళ్లు నెలకొల్పిన మిషన్‌కే 1878లో సాల్వేషన్ ఆర్మీ అన్న పేరు వచ్చింది. మన జిల్లాల్లో రక్షణ సైన్యమని పిలిచేది దానినే.

ఈస్ట్ ఎండ్ పేదరికానికి మూలం నిలకడ లేని కూలి. ఓడరేవు గేటు ముందు తెల్లవారుజామున గుంపుగా నిలబడటం, మేస్త్రీ వేలు చూపించిన వాడికి ఆ పూట పని దొరకడం, మిగిలినవాళ్లు ఉత్త చేతులతో వెనుదిరగడం అక్కడి నిత్యకృత్యం. హైదరాబాదులో ఏ కూలీల అడ్డా దగ్గర ఉదయం ఏడింటికి నిలబడినా ఆ దృశ్యం ఈనాటికీ కనిపిస్తుంది. ఆకలితో ఉన్నవాడికి వాక్యం చెవికెక్కదని గ్రహించిన సాల్వేషన్ ఆర్మీ 1888లో లైమ్‌హౌస్‌లో చవక భోజనశాల తెరిచింది. భోజనాన్ని ఉచితంగా కాక నామమాత్రపు ధరకు అమ్మడం గమనించదగిన విషయం. డబ్బిచ్చి తినేవాడు ఎవరికీ తలవంచనవసరం లేదు, నచ్చకపోతే రేపు మరోచోట తింటాడు. దానికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మురికివాడల సోదరీమణుల సేవ. ఈ యువతులు అదే సందులో గది అద్దెకు తీసుకుని, రోగుల ఇళ్లలో నేల కడిగి, పురుడు వచ్చిన ఇంట్లో వంట చేసిపెట్టి, ఆ తరువాతే ప్రార్థన చేసేవారు. వాళ్లు పేదవాడి గడప ముందు అతిథులు, తలుపు తీయాలో వద్దో ఇంటివాళ్ల ఇష్టం.

1890లో బూత్ తన పథకాన్ని ఒక పుస్తకంగా వెలువరించారు. బ్రిటన్ జనాభాలో పదో వంతు, అంటే సుమారు 30 లక్షల మంది, నిండా మునిగిపోయి ఉన్నారని అందులో ఆయన లెక్క. లండన్‌లో బండి లాగే గుర్రం కింద పడితే పదిమంది కలిసి లేపుతారు, బతికినంత కాలం దానికి తిండీ, కొట్టమూ, పనీ ఉంటాయి. మనిషికి ఆ పాటి హక్కయినా లేదా అని ఆయన అడిగారు. నగరంలో ఆశ్రయం, పల్లెలో వ్యవసాయ కాలనీ, చివరికి సముద్రం దాటి వలస కాలనీ అన్న మూడు మెట్లు ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే ఎసెక్స్‌లోని హాడ్లీలో వ్యవసాయ క్షేత్రం వెలిసింది. అదే ఏడాది ఓల్డ్ ఫోర్డ్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూడా మొదలైంది. అప్పట్లో అగ్గిపుల్లలకు వాడే తెల్ల భాస్వరం కార్మికుల దవడ ఎముకను కుళ్లబెట్టేది. ఈ ఫ్యాక్టరీ అపాయం లేని ఎర్ర భాస్వరం వాడి, బయటికంటే ఎక్కువ కూలి ఇచ్చింది. వ్యాపారంగా అది పదేళ్లకే మూతపడినా, తెల్ల భాస్వరాన్ని నిషేధించే చట్టం 1908లో రావడానికి దారి చూపినవాటిలో అదీ ఒకటి. ఒక మాట ఇక్కడే చెప్పాలి. బూత్ ఫ్యాక్టరీ పెట్టడానికి మూడేళ్ల ముందే, 1888లో, బ్రయంట్ అండ్ మే కంపెనీలో అగ్గిపుల్లలు చేసే అమ్మాయిలు సమ్మె చేసి గెలిచారు. పేదలకు గొంతు ఇచ్చామని మనం చెప్పుకునే సాక్ష్యాల్లో ఇటువంటివి తరచూ మరుగున పడిపోతాయి.

ఆ పథకాన్ని విమర్శించినవారిలో శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ముఖ్యుడు. ఒక్క నాయకుడి ఆజ్ఞకు తిరుగులేని విధేయత చూపే సంస్థ చేతిలో ఇంత డబ్బూ, ఇంతమంది జీవితాలూ పెట్టడం ప్రమాదమని ఆయన టైమ్స్ పత్రికకు వరుసగా లేఖలు రాశారు. హక్స్‌లీ దేవుడున్నాడో లేడో తెలుసుకోలేమనే అజ్ఞేయవాది కావడం వల్ల సంఘం ఆ మాటను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండవలసిందని నా అభిప్రాయం.

ఈ సైన్యం మన దేశానికీ వచ్చింది. ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వంలో సివిల్ సర్వీసు ఉద్యోగం వదులుకున్న ఫ్రెడరిక్ టక్కర్ 1882లో చిన్న బృందంతో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అన్న పేరు పెట్టుకుని, భిక్షాన్నం తింటూ సువార్త చెప్పారు. ఊరేగింపుల విషయంలో ప్రభుత్వం ఈ సైన్యంవాళ్లను అరెస్టు చేసింది కూడా. అదే ప్రభుత్వంతో 1908 నుంచి సంస్థకు పొత్తు కుదిరింది. నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే నేరస్థులని ముద్ర పడ్డ కులాలను సంస్కరించే బాధ్యత మొదట గోరఖ్‌పూర్‌లో డోముల విషయంలో మొదలై, 1911 చట్టం తరువాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, బెజవాడ దగ్గర సీతానగరం సెటిల్‌మెంట్లు, అంటే ఆ కులాలను నిఘాలో ఉంచిన కాలనీలు, అలా వెలిశాయి. కావలి సెటిల్‌మెంటును నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కనుక ఈ లెక్కలో ఒక్క సంస్థనే నిలదీయడం న్యాయం కాదు.

గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు తిరిగిన ఎరుకలవారికి రైళ్లు వచ్చాక ఆ వర్తకం పోయింది. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి భూమి, పని, బడి, ప్రార్థన ఇచ్చారు. చూడటానికి ఇదంతా బూత్ కాలనీయే. హాడ్లీకి వచ్చిన లండన్ కూలీ మాత్రం ఇష్టం లేకపోతే మూట సర్దుకుని వెళ్లిపోగలడు. స్టూవర్టుపురంలో హాజరు వేళకు లేనివాడు, అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటినవాడు చట్టప్రకారం నేరస్థుడు. మందిరం నడిపేదీ, హాజరు పట్టీ రాసేదీ ఒకే చేయి. అక్కడి బడుల్లో చదివి ఉద్యోగాలకు వెళ్లిన కుటుంబాలు, నేటికీ విశ్వాసంలో కొనసాగుతున్న కుటుంబాలు ఉన్నాయి, వాటిని నేను తక్కువ చేయను. అయినా 1952లో చట్టం రద్దయిన తరువాత కూడా ఆ ఊరి పేరు సినిమాల్లో దొంగతనానికి మారుపేరుగా మిగిలిపోయింది.

ఇప్పుడు మన బస్తీలకు వద్దాం. మనకు చట్టం ఇచ్చిన అధికారం లేదు, కాని బియ్యం సంచి ఉంది, ట్యూషన్ ఉంది, ఫీజు కట్టే దాత ఉన్నాడు. ఆదివారం ఆరాధనకు రానివాళ్ల పిల్లల పేరు సోమవారం జాబితాలోంచి జారిపోతే, ఆ జాబితాకూ స్టూవర్టుపురం పట్టీకీ తేడా ఎంత? సరుకులు తీసుకుంటున్న తల్లి ఫొటోను, ఆమె అనుమతి అడగకుండా, దాతకు పంపడం మరో సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాల, మాదిగ సోదరుడు షెడ్యూల్డు కులాల జాబితాలో నిలవడు, మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద లెక్కకు వస్తాడు. ఆ ఉత్తర్వు అన్యాయమని మనం పోరాడుతూనే ఉన్నాం. ఈలోగా మనం ప్రచారానికి పెట్టిన ఫొటో ఒక విద్యార్థి కుల ధ్రువపత్రానికి అడ్డు రావచ్చన్న ఎరుక మనకు ఉండాలి. ఫొటో బయట పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఆ కుటుంబానిది, పాస్టరుగారిది కాదు.

యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు అయిదు వేలమందికి రొట్టెలు పంచారు. అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి చాలామంది ఆయన్ని విడిచి వెళ్లిపోయారు. ఆయన వాళ్లను ఆపలేదు, తిన్న రొట్టెను గుర్తుచేయలేదు. పైగా మీరు కూడా వెళ్లిపోతారా అని పన్నెండుమందిని అడిగారు.

అందుచేత నగర సంఘాల ముందు రెండు పనులు పెడుతున్నాను. సరుకుల జాబితా, విరాళాల లెక్క బస్తీ మహిళల చేతికి ఇవ్వండి. వాళ్లలో మన సంఘానికి రానివాళ్లు సగమైనా ఉండనివ్వండి. ట్యూషన్‌ను మందిరంలో కాక, వీలైతే కమ్యూనిటీ హాలులో పెట్టండి. దీనివల్ల హాజరు తగ్గుతుందని, దాతలు ప్రశ్నిస్తారని కొందరు పెద్దలు నాతో వాదించారు. తగ్గవచ్చు, ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలకు దాతల ముందు ఏ జవాబు చెప్పాలో మధ్యాహ్నం చర్చలో మీరంతా కలిసి తేల్చాలని కోరుతున్నాను.