ఇంటి దగ్గర ఫైబర్ ప్యానెల్ కోత: అంచు చిట్లకుండా, దుమ్ము ఒంటికి చేరకుండా

[దృశ్యం: కొబ్బరిచెట్ల నీడలో ఒక పెరడు. రెండు బల్లల మీద ఊక నింపిన గోనె బస్తాలు, వాటిపై జీపుకు బిగించవలసిన ఫైబర్ మడ్‌గార్డు.]

వ్యాఖ్యానం: నమస్కారం. కారుకో, జీపుకో కొత్తగా తెచ్చిన ఫైబర్ ప్యానెల్ బండికి ఉన్నది ఉన్నట్టుగా అతకడం అరుదు. అంచు చుట్టూ అదనంగా వదిలిన భాగాన్ని తీసివేయాలి, లైటు కోసం, బోల్టుల కోసం తావు చేయాలి. ఆ పనిని ఇంటి దగ్గరే శుభ్రంగా, ఆరోగ్యానికి హాని లేకుండా చేసుకునే పద్ధతిని ఈ వీడియోలో చూద్దాం. గోదావరి డెల్టాలో ఉండే మనకు ఇందులో మరొక బాధ్యత కూడా ఉంది. ఇక్కడి తేమకూ, తీరం నుంచి వచ్చే ఉప్పుగాలికీ కోసిన అంచును వదిలేయకూడదు. అంచుకు రెజిన్, అంటే గట్టిపడే జిగురు ద్రవం, పట్టించి మూసే వరకు కోత పూర్తి కాలేదనే భావించాలి.

ఫైబర్ బాడీ మన వారికి కొత్త విషయమేమీ కాదు. అమెరికాలో 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ ఫైబర్ బాడీతోనే తయారైంది. మన దేశంలో 1980లలో బెంగళూరు నుంచి వచ్చిన డాల్ఫిన్ అనే చిన్న కారు శరీరం కూడా ఫైబరే. అంతర్వేది వైపు వేటకు వెళ్ళే ఫైబర్ పడవలను చూసిన వారికి ఈ పదార్థం గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పడవలోనైనా, మడ్‌గార్డులోనైనా ఉండేది గాజునారల మ్యాట్, దానిని పట్టి ఉంచే రెజిన్.

[దగ్గరి దృశ్యం: ప్యానెల్ అంచు. పైన నున్నని రంగు పొర, దాని కింద తెల్లటి నారలు.]

వ్యాఖ్యానం: ఈ అంచును కాసేపు గమనించండి. పైన మెరుస్తున్న పొరను జెల్‌కోట్ అంటారు. అది సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది, గట్టిగా ఉంటుంది, కానీ పెళుసు. దాని కింద అడ్డదిడ్డంగా పరుచుకున్న గాజునారలు రెజిన్‌లో మునిగి ఉన్నాయి. కోసేటప్పుడు ఎదురయ్యే రెండు ఇబ్బందులకూ మూలం ఇక్కడే కనిపిస్తుంది. జెల్‌కోట్ పెళుసుగా ఉండటం వల్ల, పళ్ళ రంపం దానిని కింది నుంచి పైకి ఎత్తినప్పుడు పెచ్చులుగా లేచిపోతుంది. గాజు ఉక్కు పళ్ళను అరగదీస్తుంది కాబట్టి, మామూలు బ్లేడు కొద్దిసేపటికే మొద్దుబారి, కోయడం మాని రాయడం మొదలుపెడుతుంది. అందుకే పళ్ళున్న బ్లేడు కన్నా, అంచుకు వజ్రపు రజను అతికించిన డైమండ్ బ్లేడును, టైల్స్ కోసే రకంలో అంచు ఎక్కడా తెగకుండా గుండ్రంగా ఉన్నదానిని, నేను ముందుగా సిఫారసు చేస్తాను.

[దృశ్యం: మాస్క్, కళ్ళద్దాలు, చేతి తొడుగులు ఒక్కొక్కటిగా.]

వ్యాఖ్యానం: పనిముట్టు చేతిలోకి తీసుకునే ముందు ఒంటి సంగతి చూడాలి. కోతలో లేచే దుమ్ములో విరిగిన గాజునారలు, రెజిన్ పొడి కలిసి ఉంటాయి. అది చర్మంలో గుచ్చుకుని దురద పుట్టిస్తుంది, కంటిని కోస్తుంది, సన్నటి భాగం ఊపిరితిత్తుల లోపలికి చేరుతుంది. ముఖానికి కట్టుకున్న తువ్వాలు, గుడ్డ మాస్క్ ఈ దుమ్మును ఆపలేవు. తక్కువలో తక్కువ ఎన్95 మాస్క్ ముక్కు దగ్గర సందు లేకుండా అమరాలి, గడ్డం ఉన్నవారికి అది సరిగా అతుక్కోదని గుర్తించాలి. ఎక్కువసేపు గ్రైండింగ్ చేసేవారు మార్చుకునే ఫిల్టర్లున్న రబ్బరు మాస్క్ కొనుక్కోవడం ఖర్చు కాదు, అవసరం. పక్కలు మూసి ఉన్న కళ్ళద్దాలు, చెవులకు రక్షణ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. మణికట్టు దగ్గర చొక్కా చేతిని తొడుగు మీదికి లాగి టేపు చుట్టండి. లుంగీతో, కండువాతో గ్రైండర్ (కోత చక్రం తిరిగే చేతి కరెంటు పనిముట్టు) దగ్గరకు ఎవరూ రాకూడదు, తిరిగే చక్రం గుడ్డను ఒక్క క్షణంలో లాగేసుకుంటుంది.

స్థలం ఎంపిక కూడా అంతే ముఖ్యం. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చి దుమ్మును మీకు దూరంగా తీసుకువెళ్ళేలా నిలబడండి. తీరానికి దగ్గర ఊళ్ళలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై దిశ మారుతుంది కాబట్టి, ఉదయం కుదిరిన చోటు సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. పక్కన ధాన్యం ఆరబోసి ఉన్నా, పశువుల మేత ఉన్నా, చేపల చెరువు గట్టు ఉన్నా అక్కడ ఈ పని పెట్టుకోవద్దు. పిల్లలను ఇంట్లోకి పంపి, ఆ వైపు కిటికీలు మూయించండి.

[దృశ్యం: ఊక బస్తా మీద చేతితో గుంట చేసి, మడ్‌గార్డు వంపును అందులో కూర్చోబెట్టడం.]

వ్యాఖ్యానం: ఇప్పుడు ప్యానెల్‌కు ఆధారం. కోత నాణ్యత స్విచ్ వేయక ముందే చాలావరకు ఇక్కడ తేలిపోతుంది. వంపు ఉన్న ప్యానెల్ బల్ల మీద నిలవదు, కోస్తుంటే అదురుతుంది, ఆ అదురుకే జెల్‌కోట్ చిట్లుతుంది. సగం నింపిన ఊక బస్తా ఆ వంపుకు తగ్గట్టు ఒదిగి, అదురును మింగుతుంది. అయితే నిప్పురవ్వలు లేచే పని ఏదైనా ఉంటే, ఉదాహరణకు ప్యానెల్‌లో ఇనుప పట్టీలు పొదిగి ఉంటే, ఊకకు బదులు ఇసుక బస్తా వాడండి. తెగి విడిపోయే ముక్కకు కూడా కింద ఆధారం ఉండాలి, లేకపోతే చివరి అంగుళంలో అది తన బరువుకు వేలాడి, గీతను దాటి చీలుతుంది.

కోయవలసిన చోట రెండు అంగుళాల వెడల్పు మాస్కింగ్ టేపును రెండు వైపులా గట్టిగా అదిమి అతికించి, గీతను టేపు మీదే గీయండి. తరువాత దానికి రెండు మూడు మిల్లీమీటర్లు బయటగా మరొక గీత గీయండి. రంపం నడవవలసింది ఈ బయటి గీత మీదనే. మిగిలిన కొద్దిపాటి భాగాన్ని చేతితో అరగదీస్తాము.

[దృశ్యం: గ్రైండర్‌తో మొదటి పలుచని గాటు. శబ్దం తగ్గించి వ్యాఖ్యానం.]

వ్యాఖ్యానం: నిటారు కోతలకు నాలుగు అంగుళాల గ్రైండర్ సరిపోతుంది. చక్రం మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం మీ గ్రైండర్ వేగం కన్నా ఎక్కువ ఉందని చూసుకోండి. రక్షణ కవచాన్ని విప్పవద్దు. చెక్క కోసే పళ్ళ బ్లేడును గ్రైండర్‌కు బిగించడం మన దగ్గర చాలా చోట్ల కనిపించే అలవాటు. అది ఎప్పుడు, ఎటు తన్నుకొస్తుందో తెలియదు, చేతులు పోగొట్టే పని అది, దయచేసి చేయవద్దు. గ్రైండర్‌ను రెండు చేతులతో పట్టుకుని, చక్రం దానంతట అది ముందుకు పరుగెత్తే దిశలో కాకుండా, దానికి ఎదురు దిశలో నడపాలి. మొదటిసారి జెల్‌కోట్ మాత్రమే తెగేంత పలుచని గాటు పెట్టి, రెండవసారి, మూడవసారి లోతు పెంచండి. బలంగా అదిమితే రెజిన్ మాడి ఘాటైన వాసన వస్తుంది, అంచు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ వాసన తగిలిన వెంటనే ఒత్తిడి తగ్గించండి.

వంపు కోతలకు గ్రైండర్ పనికిరాదు, చక్రం గాటులో బిగుసుకుపోతుంది. అక్కడ జిగ్‌సా, అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం, వాడాలి. దాని బ్లేడు సాధారణంగా పైకి లేచేటప్పుడు కోస్తుంది కాబట్టి, ప్యానెల్‌ను బోర్లించి వెనుక వైపు నుంచి కోస్తే ముఖం పాడవదు. కరెంటు పనిముట్లు లేనివారు నిరుత్సాహపడనవసరం లేదు. అంగుళానికి 32 పళ్ళున్న హ్యాక్సా బ్లేడుతో, జెల్‌కోట్ వైపు నుంచి ముందుకు నెట్టేటప్పుడు మాత్రమే ఒత్తిడి పెడుతూ కోస్తే, అంచు ఎంతో శుభ్రంగా వస్తుంది. పైగా చేతిరంపంతో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, నీళ్ళు చిలకరిస్తూ కోయవచ్చు, దుమ్ము గాలిలోకి లేవనే లేవదు. కరెంటు గ్రైండర్ దగ్గర మాత్రం నీళ్ళు వద్దు. మన నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కాబట్టి, కరెంటు లీకు 30 మిల్లీయాంపియర్లకు చేరగానే తెగే రక్షణ స్విచ్ ఉన్న లైను నుంచే వైరు తీసుకోండి, కాళ్ళకు బూట్లు వేసుకోండి.

లోపలి మూలలను చతురంగా కోయకూడదు. పదును మూల దగ్గరే పగులు పుడుతుంది. మూలలో ముందుగా పది మిల్లీమీటర్ల బెజ్జం వేసి, కోతను ఆ బెజ్జంలో ముగించండి. బెజ్జం వేసేటప్పుడు వెనుక చెక్క దిమ్మ పెట్టి, జెల్‌కోట్ తెగే వరకు డ్రిల్‌ను వెనక్కి తిప్పి, ఆ తరువాత ముందుకు తిప్పితే పెచ్చు లేవదు.

[దృశ్యం: చెక్క దిమ్మకు చుట్టిన ఎమెరీ పేపరుతో అంచును రుద్దడం, పక్కన నీళ్ళ గిన్నె.]

వ్యాఖ్యానం: లోపలి గీత వరకు ఆకురాయితో గానీ, 80 నంబరు వాటర్ పేపరుతో గానీ తడిగా అరగదీయండి. చేతి కదలిక జెల్‌కోట్ వైపు నుంచి వెనుక వైపుకే సాగాలి. తరువాత 120, 240 నంబర్లు. వేలితో తడిమి చూడవలసి వస్తే తొడుగు తీయవద్దు.

అంచు పూర్తిగా ఆరాక రెజిన్ పట్టించాలి. కోసిన చోట తెరుచుకున్న నారలు తేమను లోపలికి పీల్చుకుంటాయి, కొంతకాలానికి పొరలు విడతాయి, రంగు ఉబ్బుతుంది. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి. 100 గ్రాముల పాలియెస్టర్ రెజిన్‌కు దానిని గట్టిపరిచే హార్డ్‌నర్ 1 నుంచి 2 గ్రాములు సరిపోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. కొన్నిచోట్ల ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, అంటే రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవాన్ని, విడిగా ఇస్తారు. దానినీ, నీళ్ళలా కనిపించే హార్డ్‌నర్‌నూ నేరుగా ఎన్నడూ కలపకూడదు, పేలుతుంది. యాక్సిలరేటర్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తరువాతే హార్డ్‌నర్ వేయాలి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోసి, ఆసుపత్రికి వెళ్ళాలి. ఎన్95 మాస్క్ రెజిన్ ఆవిరిని ఆపదు కాబట్టి ఈ పని ఆరుబయటే చేయండి. బ్రష్‌తో అంచుకు రెండు పూతలు ఇచ్చి, పైన పలుచని ప్లాస్టిక్ షీటు అంటించి ఉంచితే గాలి తగలక, జిగురు మిగలకుండా గట్టిపడుతుంది.

[దృశ్యం: తడి గుడ్డతో బల్ల తుడవడం, పొడిని సంచిలో కట్టడం.]

వ్యాఖ్యానం: పొడిని చీపురుతో ఊడ్చితే మళ్ళీ గాలిలోకి లేస్తుంది. తడి గుడ్డతో తుడిచి, గుడ్డనూ, తుంపులనూ సంచిలో మూటకట్టి చెత్తబండికి ఇవ్వండి. కాలువలోకి కడగవద్దు, కాల్చవద్దు. ఒంటిని రుద్దకుండా ముందు చన్నీళ్ళు ధారగా పోసుకుని, ఆ తరువాత సబ్బు వాడండి. పనిబట్టలను ఇంట్లోవారి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

బిగించేటప్పుడు బోల్టు కన్నా బెజ్జం కొద్దిగా పెద్దదిగా ఉండాలి, వెడల్పాటి వాషరు కింద పలుచని రబ్బరు ముక్క పెట్టాలి. కొత్తగా వేసిన బెజ్జాల లోపలి అంచులకు కూడా రెజిన్ అంటించి, అది గట్టిపడిన తరువాతే నట్టు బిగించండి.