నాణెం మీద మన లిపి

సభకు నమస్కారం.

నాణెం మీద లిపి గురించి మాట్లాడటానికి చెన్నపట్టణం కంటే తగిన ఊరు తెలుగువారికి మరొకటి లేదు. 1808 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ముద్రించిన వెండి అర వరహానే చూడండి. ఒక వైపు చుక్కల నడుమ ఆలయ గోపురం, దాని చుట్టూ నడికట్టులాంటి పట్టీలో ఆంగ్ల, పారసీ అక్షరాలు. రెండో వైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళంలోనూ తెలుగులోనూ నాణెం విలువ. కంపెనీ మన భాష మీద మమకారంతో ఆ పని చేసిందని నేననుకోను. సంతలో నాణెం పుచ్చుకునేవాడు దాన్ని చదివి నమ్మాలి, అంతే. అంతకుముందు ఎన్నో శతాబ్దాల కిందట శాతవాహనులు కూడా తమ వెండి నాణేలపై ఒక వైపు ప్రాకృతాన్ని, మరో వైపు ద్రావిడ భాషను ముద్రించారు. ఆ ద్రావిడ భాష ఏదన్న వాదన పండితులలో ఉన్నా, రాజు తన పేరును ప్రజల మాటలో చెప్పించుకున్నాడన్నది స్పష్టం.

ఇక మన కాలానికి వద్దాం. నందమూరి తారక రామారావు గారి శతజయంతికి వెలువడిన వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు విడుదల చేశారు. బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలినది నికెల్, జింకు. ముద్రించింది హైదరాబాదు టంకశాల. ముందువైపు అశోక స్తంభ శీర్షం, వెనుక ఆయన ముఖచిత్రం, 1923-2023 అన్న సంవత్సరాలు. పేరు మాత్రం దేవనాగరిలో, ఆంగ్లంలో ఉంది. తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదంతో ప్రజల ముందుకు వచ్చిన నాయకుడి నాణెం మీద తెలుగు అక్షరం లేకపోవడం నన్ను నిజంగా బాధించింది.

చోటు చాలలేదనడానికి వీల్లేదు. మన జేబులోని పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లయితే, దీనిది 44. నిబంధన అడ్డు వచ్చిందనుకుందామా అంటే, 2009లో వచ్చిన అన్నాదురై గారి ఐదు రూపాయల నాణెం మీద ఆయన తమిళ సంతకమే ఉంది. 2024 ఆగస్టు 18న ఈ నగరంలోనే విడుదలైన కరుణానిధి గారి నాణెం మీద ‘తమిళం గెలుస్తుంది’ అనే అర్థమిచ్చే నినాదం తమిళ లిపిలో ఉంది. తమిళ సోదరులు సాధించుకున్నది మనకూ సాధ్యమే.

స్మారక నాణెం సంతలో చేతులు మారేది కాదు, దాచుకునేది. కాబట్టి దాని మీది ప్రతి గీత ఆ వ్యక్తి గురించి, ఆ నేల గురించి ఏదో ఒకటి చెప్పాలి. ముఖచిత్రం మనిషిని గుర్తుపట్టిస్తుంది, సంవత్సరాలు సందర్భాన్ని తెలుపుతాయి. ఆయన ఎవరి మనిషో చెప్పగలిగేది లిపి ఒక్కటే. దేవనాగరి పై అంచున, ఆంగ్లం కింది అంచున ఎప్పటిలాగే ఉండనివ్వండి. ముఖచిత్రం పక్కన ఒక్క పంక్తి తెలుగు చాలు. నమూనా ఖరారై రాజపత్రంలో ప్రకటన వెలువడ్డాక చేయగలిగింది ఉండదు గనుక, ఇకపై తెలుగు ప్రముఖుల పేరిట నాణెం కోరే ప్రతి విజ్ఞప్తిలోనూ ఆ పంక్తిని మొదటే రాసి పంపాలని ఈ సభను కోరుతున్నాను.