రెండు పార్టీలూ సైన్యానివే: నైజీరియా 1993 ఎన్నిక

[తెర మీద: నైజీరియా మ్యాప్. తేదీ: 1993 జూన్ 12, శనివారం]

సైన్యం ప్రజాస్వామ్యాన్ని అడ్డుకుంది అనగానే రోడ్ల మీద ట్యాంకులు, టీవీ స్టేషన్లో యూనిఫాం వేసుకున్న కర్నల్ గుర్తొస్తారు. 1993లో నైజీరియాలో జరిగింది వేరు. అక్కడ అధ్యక్ష ఎన్నిక పెట్టిందే సైన్యం. చివరికి దాన్ని రద్దు చేసిందీ సైన్యమే.

[జనరల్ బాబంగిడా ఫొటో]

ఈయన జనరల్ ఇబ్రహీం బాబంగిడా. 1985 ఆగస్టులో ఇంకో జనరల్, ముహమ్మద్ బుహారీని దించి గద్దెనెక్కాడు. అధికారం పౌరులకు అప్పగిస్తానన్నాడు. ముందు 1990 అన్నాడు. తర్వాత 1992 అన్నాడు. తర్వాత 1993 జనవరి, ఆ తర్వాత అదే ఏడాది ఆగస్టు 27.

ఈలోగా 1989లో, పార్టీలు పెట్టుకుంటామని 13 సంఘాలు దరఖాస్తు చేసుకున్నాయి. ప్రభుత్వం అన్నిటినీ తిరస్కరించి, తనే రెండు పార్టీలను సృష్టించింది. ఒకటి కాస్త ఎడమ పక్కకు: సోషల్ డెమోక్రటిక్ పార్టీ, గుర్తు గుర్రం. ఇంకోటి కాస్త కుడి పక్కకు: నేషనల్ రిపబ్లికన్ కన్వెన్షన్, గుర్తు గద్ద. మేనిఫెస్టోలు సర్కారువే. ఊరూరా పార్టీ ఆఫీసులు కట్టింది సర్కారు డబ్బుతోనే. నాయకులు వచ్చి చేరడమే తరువాయి!

చేరినవాళ్లనైనా నిలవనిచ్చారా? 1992లో అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక జరిగితే, అక్రమాలు జరిగాయంటూ దాన్ని కొట్టేసి, పోటీపడిన 23 మందినీ నిషేధించారు. ఇక్కడే అసలు విషయం తెలిసిపోవాల్సింది. ఒకసారి రద్దు చేసి చూశారు, ఏమీ కాలేదు.

[అబియోలా, తోఫా ఫొటోలు పక్కపక్కన]

చివరికి మిగిలింది ఇద్దరు. గుర్రం గుర్తు మీద ఎంకేవో అబియోలా: యోరుబా తెగవాడు, దక్షిణాది ముస్లిం, పత్రికలూ విమానాలూ ఉన్న కోటీశ్వరుడు. గద్ద గుర్తు మీద ఉత్తరాదిలోని కానోకు చెందిన వ్యాపారి బషీర్ తోఫా. అబియోలా బాబంగిడాకు దగ్గరి స్నేహితుడు కూడా. వడ్డించేవాడు మనవాడే కదా అన్న ధీమా ఆయనకు ఉండే ఉంటుంది.

జూన్ 10 రాత్రి రాజధాని అబుజాలో ఒక హైకోర్టు జడ్జి పోలింగ్ ఆపమని ఉత్తర్వు ఇచ్చారు. సైన్యం తెచ్చిన డిక్రీ, అంటే సైనిక ప్రభుత్వ శాసనం ప్రకారమే ఈ ఎన్నికను కోర్టులు ఆపడానికి వీల్లేదు. ఎన్నికల కమిషన్ చైర్మన్ ప్రొఫెసర్ హంఫ్రీ న్వోసు ఆ డిక్రీనే పట్టుకుని పోలింగ్ జరిపించేశాడు.

[పోలింగ్ కేంద్రం దగ్గర క్యూ]

పద్ధతి చాలా సింపుల్. పొద్దున పేరు సరిచూసుకోవాలి, చాటుగా ముద్ర వేయాలి, అందరూ చూస్తుండగా బ్యాలెట్ పెట్టెలో వేయాలి. లెక్క అక్కడికక్కడే చెప్పేస్తారు. అందుకే ఫలితాన్ని తర్వాత తొక్కిపెట్టినా దాచడం కుదరలేదు. అబియోలాకు 83 లక్షలకు పైగా, తోఫాకు 59 లక్షలకు పైగా. తోఫా సొంత రాష్ట్రం కానో కూడా అబియోలాకే వేసింది. ప్రాంతాన్నీ తెగనీ బట్టి ఓట్లు పడే దేశంలో ఇది చిన్న విషయం కాదు.

కమిషన్ 14 రాష్ట్రాల ఫలితాలు ప్రకటించాక, ఇంకో కోర్టు ఉత్తర్వు వచ్చింది. జూన్ 16న ప్రకటన ఆగింది. జూన్ 23న మొత్తం ఎన్నికే రద్దు! ఆ మాట చెప్పిన కాగితం మీద లెటర్‌హెడ్ లేదు, సంతకమూ లేదు.

లాగోస్‌లో జనం రోడ్డెక్కారు. సైన్యం కాల్చింది, చాలామంది చనిపోయారు. ఆగస్టు 26న బాబంగిడా తప్పుకుని, ఎర్నెస్ట్ షోనెకాన్ అనే పౌరుణ్ణి తాత్కాలికంగా కూర్చోబెట్టాడు. కానీ రక్షణ మంత్రిగా జనరల్ సానీ అబాచా అక్కడే ఉన్నాడు. నవంబర్ 17న ఆయనే కుర్చీ లాక్కున్నాడు.

అబియోలా 1994 జూన్‌లో నేనే అధ్యక్షుణ్ణని ప్రకటించుకుని జైలుకెళ్లాడు. ఆయన విడుదల కోసం పోరాడిన భార్య కుదిరత్‌ను 1996లో లాగోస్‌లో కాల్చి చంపారు. 1998 జూన్‌లో అబాచా చనిపోయాడు. దాదాపు నెలకు, జూలై 7న, నిర్బంధంలోనే అబియోలా కూడా.

[1999 ప్రమాణ స్వీకారం]

1999లో ఎన్నిక జరిగి అధికారం పౌరుల చేతికి వచ్చింది. గెలిచింది ఎవరు? ఒలుసెగున్ ఒబసాంజో, 1970ల్లో దేశాన్నేలిన మాజీ జనరల్. రాజ్యాంగం? వెళ్లిపోతున్న సైనిక ప్రభుత్వం డిక్రీగా ఇచ్చింది. ‘ప్రజలమైన మేము’ అని మొదలయ్యే ఆ రాజ్యాంగం మీద ప్రజలు ఎన్నడూ ఓటు వేయలేదు. నైజీరియాలో ఈ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

2015లో మళ్లీ ఇంకో మాజీ జనరల్ గెలిచాడు: 1985లో బాబంగిడా దించిన అదే బుహారీ. 2018లో ఆయనే జూన్ 12ను ప్రజాస్వామ్య దినోత్సవంగా ప్రకటించి, చనిపోయిన అబియోలాకు దేశంలోకెల్లా పెద్ద పురస్కారం ఇచ్చాడు.

[2025, అబుజా: పుస్తకావిష్కరణ సభ]

బాబంగిడా నోరు విప్పడానికి 2025 ఫిబ్రవరి దాకా పట్టింది. తన జ్ఞాపకాల పుస్తకంలో, గెలిచింది అబియోలాయే అని ఒప్పుకున్నాడు. రద్దు ప్రకటన మాత్రం తను ఉత్తరాదిలోని కాట్సినాలో ఉండగా తన అనుమతి లేకుండా వచ్చిందనీ, దాని వెనక ఉన్నది అబాచా మనుషులనీ చెప్పాడు. సరే, అలాగే అనుకుందాం. మూడు రోజుల తర్వాత, జూన్ 26న, జాతినుద్దేశించి మాట్లాడుతూ ఆ రద్దును సమర్థించింది మాత్రం ఆయనే.