పేరు మార్చిన పాపం

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలందరికీ పేరుపేరునా చెప్పాలి గానీ, మైకు పట్టుకున్న అబ్బాయి అప్పుడే గడియారం చూస్తున్నాడు.

గ్రంథాలయ వారోత్సవాలు కదా, ‘మహిళలు – పుస్తక పఠనం’ మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకునే వచ్చాను. అయితే ఇందాక ఖాళీగా కూర్చుని ఇక్కడి సభ్యత్వ రిజిస్టరు తిరగేశాను. హేమలతలున్నారు, స్వర్ణలతలున్నారు, కాంచనలున్నారు. పైడమ్మ ఒక్కర్తీ లేదు. ఇది విజయనగరమండీ! మూడులాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి పెట్టుకుని, ఆవిడ పేరు మనకు పనికిరాకుండా పోయిందా?

పైడి అంటే బంగారం. పసిడి, పైడి ఒకటే మాట. సీతమ్మ మోజుపడిన జింకని పైడిలేడి అన్నారు మనవాళ్లు. హేమ అన్నా బంగారమే, కనకం అన్నా బంగారమే. సంస్కృతంలో పిలిస్తే నాజూకు, తెలుగులో పిలిస్తే మోటు!

ఇక అమ్మవారి కథ మీకు నేను చెప్పాలా? 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. గెలిచిన మన విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. అన్న మరణం తట్టుకోలేక చెల్లెలు పైడితల్లి ప్రాణం విడిచిందనీ, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందనీ చెప్పుకుంటాం. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను అని పిలిచే చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతాం. ఈ చుట్టుపక్కల మగపిల్లలకి కూడా పైడితల్లి అని పెట్టుకున్నారు. చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజుగారి పేరులోనూ ఆ పైడే. ఆయన పేరు మార్చుకోలేదు. మార్పులన్నీ ఆడపిల్లలకే!

ఎవరు మార్చారంటారా? నేనే.

1986. గజపతినగరం అవతల ఓ పల్లెలో కొత్తగా టీచరుద్యోగం. ఓ ముసలమ్మ మనవరాలిని తెచ్చింది. ‘‘పైడితల్లమ్మ, పైడీ అని పిలుస్తాం’’ అంది. పెద్ద చదువులకెళ్తే నవ్వుతారు, హేమలత అని రాస్తానన్నాను.

‘‘హేమలతంటే ఏటమ్మా?’’

‘‘బంగారు తీగ, మామ్మా.’’

‘‘మరి పైడంటే ఏటనుకున్నావు తల్లీ?’’

నవ్వేసి, రాసేశాను. రెండు నెలలు హాజరు పిలిచినప్పుడు ఆ గుంట పలకలేదు. ఎదురుగా కూర్చునే ఉండేది. నేను గైర్హాజరు వేసేదాన్ని. ఏం చేస్తుంది పాపం, హేమలత ఎవరో దానికేం తెలుసు?

మైకు బాబూ, ఒక్క నిమిషం.

కిందటేడు మా ఇంటికొచ్చింది. ఓ ఆయా పోస్టుకి దరఖాస్తు పెట్టిందట. బడి సర్టిఫికెట్‌లో హేమలత, ఆధార్‌లో పైడితల్లమ్మ. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారట. ‘‘మీరే రాసేరు కదా టీచరుగారూ, మీరే కాయితం ఇవ్వండి’’ అంది. కోపంగా అనలేదు, అదే నాకు బాధ. కాగితం ఇచ్చాను. రిటైరైనవాళ్ల సంతకం చెల్లదని తిప్పి పంపారు. అఫిడవిట్ అన్నారు, నోటరీ అన్నారు. అన్నీ చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది.

టీచర్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తొద్దు, వద్దులెండి. అడ్మిషన్ల రోజుల్లో మాత్రం నా మాట గుర్తుంచుకోండి.

లైబ్రేరియన్ గారూ, పైడమ్మని ఇవాళ నేనే వెంటబెట్టుకుని వచ్చాను. అదిగో, గుమ్మం దగ్గర ఆకుపచ్చ చీర. సభ్యత్వం రుసుము, డిపాజిట్టూ నేను కడతాను. పేరు మాత్రం నన్నడక్కండి, ఆమెనడిగి రాసుకోండి.