పద్దెనిమిదో నెల తరువాత

సభాధ్యక్షులకు, వైద్యాధికారులకు, దూరాభారాలు లెక్కచేయక వచ్చిన అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు నమస్కారాలు. ఎయిడ్స్ దినోత్సవం గనుక మందుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ సంగతి క్లుప్తంగా ముగించి, ఏళ్ల తరబడి నా మనసును వదలని ఒక పిల్లవాడి గురించి చెప్పుకుంటాను, అనుమతించండి.

చికిత్స లేకపోతే హెచ్‌ఐవీ తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం, తల్లిపాల ద్వారా సోకేదీ కలుపుకుని, 15 నుంచి 45 శాతం. 2014 నుంచి మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ, రోగనిరోధక శక్తిని తెలిపే సీడీ4 కణాల లెక్క ఎంత ఉన్నా, వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు జీవితాంతం ఇస్తున్నాం. క్రమం తప్పకుండా వాడితే ఆ అవకాశం 5 శాతం లోపుకు దిగుతుంది. ఎందరి కష్టం వల్లనో ఇది సాధ్యమైంది.

నేను హెచ్‌ఐవీ పరీక్షలు చేసి సలహాలిచ్చే కేంద్రంలో, అంటే ఐసీటీసీలో, కౌన్సెలర్‌గా ఉన్నప్పుడు, హెచ్‌ఐవీ ఉన్న తల్లుల బిడ్డలకు ఆరో వారంలో బిడ్డ మడమను సూదితో గుచ్చి, రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి హెచ్‌ఐవీ పరీక్షకు పంపేవాళ్లం. ఆరో నెల, పన్నెండో నెల, పద్దెనిమిదో నెలలో మళ్లీ పరీక్షలు. చివరిది నెగెటివ్ వస్తే రిజిస్టరులో ఆ బిడ్డ పేరుకెదురుగా రాయవలసింది రాసి, ఆ వరుస ముగించేవాళ్లం.

అలాంటి ఒక రోజు రిపోర్టు చేతిలో పెడితే ఒక తల్లి నవ్వలేదు. "పిలిస్తే తిరగట్లేదండి మేడమ్, అత్త, తాత అని కూడా అనట్లేదు" అంది. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయమ్మా, నెగెటివ్ వచ్చింది, ముందు సంతోషించు" అని పంపేశాను. నాలుగో ఏట అంగన్‌వాడీ టీచరు అనుమానించి పరీక్షకు పంపితే, రెండు చెవులూ సరిగా వినబడవని తేలింది. మాట నేర్చే వయసులో రెండున్నరేళ్లు నా మాట నమ్మి ఆ తల్లి ఊరుకుంది.

నెగెటివ్ అంటే వైరస్ లేదని మాత్రమే అర్థం. దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్‌స్టైన్ ప్రాంతంలో పుట్టినప్పటి నుంచి పిల్లలను గమనించిన పరిశోధకులు, వైరస్ సోకకపోయినా హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పిల్లల్లో రెండేళ్ల వయసుకు భాషలో వెనుకబాటు ఎక్కువగా ఉందని గుర్తించారు. నెలలు నిండకముందే పుట్టడం, తక్కువ బరువు, తల్లి అనారోగ్యం, ఆమె దిగులు, ఇంట్లో లేమి వంటివన్నీ బిడ్డ ఎదుగుదల మీద పడతాయి. ఈ మాట విని మందులు మానేయాలని మాత్రం ఏ తల్లికీ అనిపించకూడదు. తల్లి ఆరోగ్యమే బిడ్డకు మొదటి రక్ష.

నా బాధ ఇది. హెచ్‌ఐవీ సంగతి తెలిసిన మనం బిడ్డ మెడ నిలిపిందా, ఆసరా లేకుండా కూర్చుందా అని అడగం. ఎదుగుదల చూసే బృందాలకు తల్లి సంగతి తెలియదు, తెలియనవసరమూ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు చూడాలి, లోపం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. టీచరమ్మలారా, మీ కేంద్రంలో ప్రతి బిడ్డనూ ఒకేలా చూడండి, ఈ పిల్లలను పక్కకు పిలిచి ప్రత్యేకంగా చూడకండి. ఆ తల్లి గుట్టు కాపాడమని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా చెబుతోంది.

కౌన్సెలర్లను నేను వేడుకునేది మరొకటి. ఆ నాలుగు పరీక్షలకు బిడ్డ ఎలాగూ మీ బల్ల ముందుకు వస్తుంది. బిడ్డ ఏ వయసుకు ఏ పని చేయాలో చూసుకోవడానికి తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ తయారుచేసిన పట్టికలో ఉన్నవి 17 అంశాలే. దానికి ఒక పెన్ను, ఒక తాళాల గుత్తి చాలు. పట్టికలో బిడ్డ వయసు దగ్గర పెన్నును నిలువుగా ఆనించి, దానికి ఎడమవైపు పూర్తిగా ఉండిపోయిన పనుల్లో ఏ ఒక్కటి బిడ్డ చేయకపోయినా పెద్ద పరీక్షకు పంపాలి. తాళాల చప్పుడుకు తిరిగినంత మాత్రాన చెవులు బాగున్నాయని తేల్చేయకండి. తల్లికి అనుమానం ఉంటే అదొక్కటే పంపడానికి చాలు.

ఆ పట్టిక ప్రతులు, తాళాల గుత్తి నా సంచిలో ఉన్నాయి. భోజనాలకు ముందు పావుగంట ఉండగలిగినవారు ముందు వరుసలోకి రండి, పెన్ను ఎక్కడ ఆనించాలో చూపిస్తాను.