కంపెనీని ఏం అడగొచ్చు, ఎట్టా అడగాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

(నెల్లూరు స్టూడియో నుంచి ఆదివారం సాయంత్రం ప్రత్యక్ష ప్రసారమైన కార్యక్రమం. మాటలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే రాశాం. లైను సరిగా వినపడని చోట్లు వదిలేశాం.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడికి పోయి, ఉద్యోగం రావాలని మొక్కుకుని ఉద్యోగ రొట్టె పట్టుకున్న పిల్లలు మన వీధుల్లో ఎంతమందో. ఉద్యోగం వచ్చినాక మరుసటేడు అదే రొట్టె చేసి తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. మరి ఉద్యోగం ఇచ్చినోళ్ళు పాత ల్యాప్‌టాప్ అంటగడితే? దానికి రొట్టె లేదు గదా! అందుకే ఈ కార్యక్రమం. మన అతిథి చెన్నైలో, బెంగుళూరులో పదహారేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేశారు, అందులో ఎనిమిదేళ్ళు మేనేజరుగా. ఇప్పుడు వేదాయపాళెంలో ఇంటి నుంచే పని. నమస్కారం సార్.

అతిథి: నమస్కారమమ్మా. ల్యాప్‌టాప్ రొట్టె ఉంటే నేనే ముందు పట్టుకునేవాణ్ణి.

వ్యాఖ్యాత: మొదటి కాలు కావలి నుంచి. చెప్పండి. టీవీ సౌండు కాస్త తగ్గించండి.

కావలి కాలర్: ఆ, తగ్గించా మేడమ్. సార్, నేను ఆండ్రాయిడ్ డెవలపర్ని. కంపెనీ బెంగుళూరు, పని ఇంటి నుంచే. వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. బిల్డ్ పెడితే, అంటే రాసిన కోడుని యాప్‌గా మార్చేటప్పుడు, ఫ్యాను మోత పక్కింటికి వినపడతది. మేనేజర్ని రెండుసార్లు అడిగా. చూద్దాం అన్నాడు.

అతిథి: ఏమని అడిగావబ్బయా? అన్న మాట అన్నట్టు చెప్పు.

కావలి కాలర్: సార్, సిస్టమ్ స్లోగా ఉంది, కొత్తది ఇప్పిస్తారా, అని.

అతిథి: ఆ మాట నేను మేనేజరుగా ఉన్నప్పుడు వారం వారం వినేవాణ్ణి. నేను పోయి నా పైవాడికి చెప్పాలంటే నా చేతిలో ఏముంది, నీ విసుగు తప్ప? ఒక లెక్క చేద్దాం పట్టు. బిల్డ్‌కి ఎంతసేపు పడతా ఉంది?

కావలి కాలర్: పదకొండు నిమిషాలు సార్.

అతిథి: అదే ప్రాజెక్టు 16 జీబీ మెషీన్లో చేసేవాళ్ళు టీమ్‌లో ఉన్నారా?

కావలి కాలర్: ఉన్నాడు సార్. వాడికి నాలుగు నిమిషాలు.

అతిథి: రోజుకి ఎన్ని బిల్డులు?

కావలి కాలర్: పధ్నాలుగు దాకా ఉంటాయి.

అతిథి: బిల్డుకి 7 నిమిషాలు తేడా, పధ్నాలుగు బిల్డులకి 98 నిమిషాలు. నెలకి 22 రోజులు వేసుకో.

కావలి కాలర్: రెండువేల... 2,156 నిమిషాలు సార్. అంటే... ముప్పై ఆరు గంటలా!

అతిథి: నాలుగున్నర పని దినాలు. నీ జీతంలో ఆ నాలుగున్నర రోజులు ఫ్యాను తిరగడానికి కడతా ఉన్నారు. ఆ టైములో నువ్వేం చేస్తావు?

కావలి కాలర్: ఫోను చూస్తా సార్.

అతిథి: అది మాత్రం రాయొద్దు. (నవ్వు) అడిగే ముందు ఒక పని చెయ్. బిల్డ్ నడిచేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, మెషీన్లో ఏది ఎంత వాడకంలో ఉందో చూడు. మెమరీ నిండిపోయి డిస్కు కొట్టుకుంటా ఉంటే నీ అనుమానం నిజం. ఒక్కోసారి యాంటీవైరస్ ప్రాజెక్టు ఫోల్డర్ని ఫైలు ఫైలుగా స్కాన్ చేస్తా ఉంటది. అట్టాగైతే కొత్త మెషీన్ వచ్చినా అదే గోల, ఐటీ వాళ్ళని ఆ ఫోల్డరు మినహాయించమని అడగాల. ర్యామే అని తేలితే వారం రోజులు బిల్డు బిల్డుకీ టైము రాసిపెట్టుకో. రాసుకుంటావా, మెయిలు చెప్తా?

కావలి కాలర్: చెప్పండి సార్, పెన్ను ఉంది.

అతిథి: "నా మెషీన్లో ఒక బిల్డుకి 11 నిమిషాలు, 16 జీబీ మెషీన్లో 4. వారం లెక్క జతచేశాను. నెలకి దాదాపు 36 గంటలు పోతున్నాయి. వచ్చే రిలీజు పని మొదలయ్యేలోపు 16 జీబీ మెషీన్ గానీ, దీనికే అదనపు ర్యామ్ గానీ ఇప్పించగలరా? ఏ తేదీకి తేలుతుందో చెప్పండి." అయిపోయింది. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి అని కింద రాయకు. ఇంకొకటి, 8 జీబీ అనేది ఆండ్రాయిడ్ స్టూడియోకి కనీసం, ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్లోనే ఫోనులాగా నడిచేది, అది కూడా తిప్పాలంటే 16 కావాలని గూగుల్ వాళ్ళ పేజీలోనే ఉంది. ఆ లింకు పెట్టు.

కావలి కాలర్: ఇంక్రిమెంటు టైము కూడా వస్తా ఉంది సార్. ఇప్పుడు ఇది అడిగితే అది తగ్గిస్తారేమో అని...

అతిథి: అందరూ ఈ భయంతోనే నోరు మూసుకుంటారు. జీతాల పెట్టె వేరు, ఏడాదికి ఒకసారి తెరుస్తారు. మెషీన్ల పెట్టె వేరు, అది ఐటీ వాళ్ళ చేతిలో ఉంటది. మూడేళ్ళకో నాలుగేళ్ళకో మార్చేదే. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటరు మీద ఏడాదికి 40 శాతం తరుగుదల రాసుకోవచ్చు. 80 వేలు పెట్టి కొన్న మెషీన్ మూడేళ్ళకి ఆ పుస్తకంలో 17 వేల చిల్లర. నీది ఎన్నో ఏడు?

కావలి కాలర్: నాకంటే ముందు ఇంకొకాయన వాడాడు సార్. ఆయన పేరు స్టిక్కరు మీద ఇంకా ఉంది.

అతిథి: ఆ స్టిక్కరు ఫోటో కూడా జతచెయ్! వారంటీ తేదీ ఐటీ వాళ్ళని అడుగు, అయిపోయి ఉంటే నీ పని సగం అయినట్టే.

కావలి కాలర్: మా అన్న ర్యామ్ కొని తనే వేస్తానంటా ఉన్నాడు.

అతిథి: వద్దు. మెషీన్ కంపెనీది, దాని మూత విప్పే హక్కు మీ అన్నకి లేదు.

వ్యాఖ్యాత: వాట్సాప్‌లో ఒక మెసేజు. మాగుంట లేఅవుట్‌లో ఆరుగురున్న చిన్న ఆఫీసు. సిస్టమ్స్ పాతవి, విండోస్ 10 మీదే నడుస్తున్నాయి, ఓనరు డబ్బుల్లేవంటాడు, అని.

అతిథి: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరవాత భద్రతలో కనపడే కంతలకి మాట్లు పడవు, విడిగా పొడిగింపు తీసుకుంటే తప్ప. ఓనరుకి మీ సౌకర్యం గురించి చెప్పొద్దు. కస్టమరు అడిగితే ఏం జవాబు చెప్తామండీ అని అడగండి. ఆరూ ఒకేసారి మార్చమనొద్దు, బ్యాంకు పని, కస్టమర్ల ఫైళ్ళు ఉండే ఒక్క సిస్టమ్‌తో మొదలుపెట్టమనండి.

వ్యాఖ్యాత: కోవూరు నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు.

కోవూరు కాలర్: నమస్కారం బాబూ. నేను రైసు మిల్లులో 31 ఏళ్ళు గుమస్తాగా చేశా. మావాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. కంపెనీ మిషను సరిగా పన్జెయ్యడంలేదని చెప్తే నేనే 78 వేలు పెట్టి కొనిచ్చా. ఇందాకటి నుంచి వింటా ఉండా. ఉద్యోగం ఇచ్చినోళ్ళని మళ్ళా అది కావాల ఇది కావాల అని అడగడం ఏం మర్యాదయ్యా?

అతిథి: పెద్దాయనా, ఒక మాట అడుగుతా. మిల్లులో కాటా చెడిపోతే మీ ఇంట్లోంచి కాటా తీసుకపొయ్యారా?

కోవూరు కాలర్: మా ఇంట్లో కాటా యాడిది! ఓనరే మద్రాసు నించి మనిషిని పిలిపించేవాడు. తూకంలో తేడా వస్తే ఆయనకే గదా దెబ్బ.

అతిథి: కాటా చెడిందని ఆయనకి చెప్పింది ఎవరు?

కోవూరు కాలర్: నేనే. నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?... (నవ్వు) సరే సరే, తెలిసింది లే.

అతిథి: మీవాడు మేనేజర్ని అడగలేక మిమ్మల్ని అడిగాడు. ఇంకో చిక్కుంది. సొంత మెషీన్లో కంపెనీ కస్టమర్ల వివరాలు పెట్టుకుంటే, అవి బయటికి పోతే జవాబు ఎవరు చెప్పాల? 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, భద్రత సరిగా పెట్టని సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా ఉంది. అందుకని చానా కంపెనీలు సొంత మెషీన్ల మీద వాళ్ళ సాఫ్ట్‌వేర్ వేయిస్తాయి. కొన్నిటితో మెషీన్ మొత్తాన్ని దూరం నుంచే తుడిచెయ్యొచ్చు. ఉద్యోగం మానేసిన రోజు పెళ్ళి ఫోటోలు కూడా పొయ్యాయనుకోండి...

కోవూరు కాలర్: వాడికింకా పెళ్ళి కాలేదు బాబూ. మీ ఎరికలో ఏదన్నా సంబంధం ఉంటే చెప్పండి.

వ్యాఖ్యాత: అది వేరే కార్యక్రమంలో చూద్దాం పెద్దాయనా! సార్, మీరెప్పుడన్నా ఇట్టా మొహమాటపడ్డారా?

అతిథి: ఎందుకు పడలేదు. చెన్నైలో పనిచేసేటప్పుడు నా కుర్చీ కూర్చున్న గంటకల్లా మెల్లగా కిందికి దిగిపోయేది. దాన్ని ఎత్తి పట్టే గొట్టంలో గ్యాసు పోయింది. మధ్యాహ్నానికి నా గడ్డం టేబుల్ ఎత్తుకి వచ్చేది. రెండు టెలిఫోన్ డైరెక్టరీలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఏడు నెలలు. ఒకరోజు హౌస్‌కీపింగ్ ఆయమ్మ ఆ డైరెక్టరీలు పాతపేపర్లని తీసేసింది. అప్పుడు తప్పనిసరై అడ్మిన్‌కి మెయిలు పెడితే సాయంత్రానికి వేరే కుర్చీ వచ్చింది. గోడౌన్లో నలభై ఉన్నాయంట. నడుము నొప్పి మాత్రం నాతోనే వచ్చింది. దానికి మార్చి ఇచ్చేవాళ్ళు లేరు.

వ్యాఖ్యాత: అయ్యో. ఒంగోలు నుంచి కాలు. చెప్పండి.

ఒంగోలు కాలర్: సార్, కర్నూలు రోడ్డు నుంచి మాట్లాడతన్నా. రెండున్నరేళ్ళ అనుభవం. కొత్త ఆఫరు వచ్చింది, 9 లక్షలు సీటీసీ, అంటే ఏడాదికి నా మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. పదిన్నర అడిగా. హెచ్‌ఆర్ ఆవిడ ఇంక రూపాయి కూడా పెరగదు అంది. శుక్రవారంలోపు సంతకం పెట్టాల.

అతిథి: ఆమె రూపాయి పెరగదంటే రూపాయి మాట వదిలెయ్. ఇంట్లో ఎవరెవరుంటారు?

ఒంగోలు కాలర్: అమ్మా నాన్నా. నాన్న చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో చేస్తాడు. షుగరు, బీపీ ఉన్నాయి.

అతిథి: అయితే నీకు కావాల్సింది ముందు అదే. కంపెనీ ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు ఉన్నారా, ఉంటే ఎంత మొత్తానికి, ప్రీమియం ఎవరు కడతారు, ఇప్పటికే ఉన్న జబ్బులకి మొదటి రోజు నుంచి వర్తిస్తుందా, ఇవి అడుగు. మీ నాన్నకి విడిగా పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. గ్రూపు పాలసీల్లో ఆ ఆగడం తరచుగా ఎత్తేస్తారు. నీకు ఏడాదికి ఇంకో యాభై వేలు పెరిగినా, ఒక్కసారి ఆయన్ని ఆసుపత్రిలో చేరిస్తే ఎంత మిగులుతుందో చెప్పు.

ఒంగోలు కాలర్: ఏం మిగలదు సార్. పోయినేడు చూశాం.

అతిథి: అదీ. 9 లక్షల్లో గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం, అది కూడా కలిపి చూపించారా?

ఒంగోలు కాలర్: ఉంది సార్, ఒక వరస.

అతిథి: మామూలు ఉద్యోగానికి అది అయిదేళ్ళు చేస్తేనే చేతికొచ్చేది. కంపెనీ వంతు పీఎఫ్ కూడా అందులోనే ఉంటది. అవి తీసేసి నెలకి చేతికెంతో చూసుకో. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే ఎన్ని నెలల్లో మానేస్తే వెనక్కి కట్టాలో చదువు. ఇంక మెషీన్, రెండో మానిటరు, ఇంటి నుంచి పని చేసే రోజులకి నెట్ బిల్లు. ఇవి అడగడానికి ఆఫరు వచ్చిన రోజుకీ సంతకం పెట్టే రోజుకీ మధ్య ఉన్న రోజులే నీవి. ఆ తరవాత నువ్వు క్యూలో నలుగురితోపాటు నిలబడాల.

ఒంగోలు కాలర్: నెట్ బిల్లుకి అలవెన్సు ఇస్తాం అన్నారు ఫోన్లో.

అతిథి: ఫోన్లో అన్నది గాలికి పోతది. మెయిల్లో రాయమను, లేదా నువ్వే రాయి, ఈరోజు మాట్లాడుకున్నట్టుగా ఇవి ఇవి అని. కాదంటే వాళ్ళే జవాబిస్తారు.

ఒంగోలు కాలర్: మానేస్తానని చెప్పినాక పని చెయ్యాల్సిన నోటీసు పీరియడ్ 90 రోజులు పెట్టారు సార్.

అతిథి: అరవైకి అడుగు. ఇస్తారని నేను చెప్పను. కొత్తగా చేరేవాళ్ళకి అది తగ్గించడం చానా కష్టం, రూల్ అందరికీ ఒకటే అంటారు. అడిగి చూడు, అక్కడే పట్టుబట్టి బీమా పోగొట్టుకోవద్దు.

వ్యాఖ్యాత: చివరి కాలు కందుకూరు నుంచి. చెప్పమ్మా.

కందుకూరు కాలర్: నమస్తే మేడమ్. జిల్లా పేరు మాత్రం అడగొద్దు, 2022లో జిల్లాలు మార్చిన కాడ్నించి మాకే తికమక. సార్, నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తా. బాబు పుట్టాడు. 26 వారాల సెలవు ఇంకో మూడు వారాల్లో అయిపోతది. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటున్నారు. పిల్లోణ్ణి తీసుకుని చెన్నైలో ఒక్కదాన్నే ఎట్టా ఉండేది? ఇంటి నుంచి చేస్తానంటే, మీ ఊళ్ళో కరెంటు ఉండదు గదా అంటన్నాడు మేనేజరు. కంపెనీని ఇన్వర్టర్ అడగొచ్చా సార్?

అతిథి: అడగొద్దమ్మా. ఇన్వర్టర్ పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, మీ అత్తగారి సీరియల్ కూడా నడుస్తది. దానికి కంపెనీ డబ్బు కట్టదు, అడిగినందుకు మీ అసలు మాట పలచనైపోతది. ముందు ఇంటి నుంచి పని మంజూరు చేయించుకోండి. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన ఒక మాట ఉంది. పని తీరు కుదిరితే, సెలవు తరవాత ఇంటి నుంచి చేయడానికి ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద అనుమతించవచ్చు అని. అనుమతించి తీరాలని కాదు, అనుమతించవచ్చని. హక్కు అని గొడవకి దిగితే నిలబడదు. మాట కలపడానికి పనికొస్తది.

కందుకూరు కాలర్: మరి కరెంటు మాట?

అతిథి: కరెంటు పోతే మీకు ఏది ఆగిపోతది?

కందుకూరు కాలర్: ల్యాప్‌టాప్ మూడు గంటలు వస్తది. నెట్టే పోతది.

అతిథి: అంటే ఇంట్లో నెట్ పంచే పెట్టె, రౌటర్, ఆగిపోతా ఉంది, అంతేగదా. అది మింగే కరెంటు పదీ పదిహేను వాట్లు. దానికోసమే అరచేతిలో పట్టేంత యూపీఎస్‌లు, కరెంటు పోయినా బ్యాటరీతో నడిపేవి, దొరుకుతాయి, గంటలకొద్దీ నడుపుతాయి. కొనే ముందు రౌటర్ అడాప్టరు మీద 12 వోల్టులా, 9 వోల్టులా చూసుకోండి. వీధిలో కేబుల్ వాళ్ళ పెట్టెకి కూడా కరెంటు పోతే ఇది ఉన్నా లాభం లేదు. అందుకని ఇంకో కంపెనీ సిమ్ము, దాన్ని వేసుకుని నెట్ వాడుకునే డాంగిల్. వాటికయ్యే ఖర్చు కంపెనీని అడగొచ్చు, ఇన్వర్టర్‌తో పోలిస్తే చిన్నది. ఈ రెండూ పెట్టుకుని, కరెంటు పోయినప్పుడు గంటసేపు కాల్ మాట్లాడి చూసి, అప్పుడు రాయండి. నాలుగు నెలలు అడగండి, ముగిసే తేదీ రాయండి. ఎప్పటిదాకానో చెప్పకపోతే ఆయన జీవితాంతం అనుకుంటాడు. పొద్దున ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా దొరుకుతారో కూడా...

కందుకూరు కాలర్: పదకొండింటికి బాబు పడుకుంటాడు సార్, మీటింగులు అప్పుడు పెట్టమంటే?

అతిథి: భేషుగ్గా అడగండి. అదే రాయండి, పదకొండు నుంచి ఒంటిగంట అని.

కందుకూరు కాలర్: ఇప్పుడే లేచాడు సార్, ఏడుస్తన్నాడు. యూపీఎస్ ఎన్ని వోల్టులన్నారు?

అతిథి: అడాప్టరు మీద చూడండమ్మా, 12 గానీ 9 గానీ.

కందుకూరు కాలర్: చూస్తా. ఉంటా సార్, ఉంటా మేడమ్.