సరిహద్దు తెరిస్తే సర్కారు ఖర్చు తగ్గుతుందా?

మిత్రులందరికీ నమస్కారం.

1991 ఆర్థిక సంస్కరణల నుంచి ఒక మాట వింటూనే ఉన్నాం: మార్కెట్లు తెరిస్తే ప్రభుత్వం చిన్నదవుతుందని. పన్ను తక్కువున్న చోటికే పెట్టుబడి పోతుంది కాబట్టి ప్రభుత్వాలు పన్ను తగ్గిస్తాయి, ఆపైన ఖర్చూ తగ్గించుకుంటాయి అని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 1998లో ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ వందకు పైగా దేశాల లెక్కలు తీస్తే ఎదురు కనిపించింది. విదేశీ వ్యాపారం ఎక్కువున్న దేశాల్లోనే ప్రభుత్వ ఖర్చూ ఎక్కువ! బయటి ధరల దెబ్బ తగిలేకొద్దీ జనం సర్కారు అండ కోరతారని ఆయన వివరణ. చిన్న దేశాలకు వ్యాపారమూ ఎక్కువే, ఆదాయంతో పోలిస్తే సర్కారు ఖర్చూ ఎక్కువే, అసలు సంగతి అదేనని ఇంకొందరన్నారు. ఆ చర్చ అలా ఉంచుదాం. రోడ్రిక్ మాట నాకు మన వరంగల్ ఏనుమాముల పత్తి మార్కెట్‌లో కనిపిస్తుంది.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాలు పెంచింది. అదే నెలలో కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం తాత్కాలికంగా ఎత్తేసింది, మిల్లులకు దూది చౌకగా దొరకాలని. ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట ధర అంతకన్నా పడిపోతే రైతు చూసేది మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ వైపే. అంటే ఒక పక్క సుంకం పోయె, ఇంకో పక్క కొనుగోలు భారం పెరిగె. తలుపు తెరిచినందుకే ఖర్చు పెరిగింది.

ఆ ఖర్చు అందరికీ చేరుతుందా? తేమ మీటరు 12 శాతం దాటితే సీసీఐ సరుకు తీసుకోదు. పత్తి ఏరే టైంలో వాన కొడితే రైతేం చేస్తాడు? బండి కిరాయి మీద పడుతుందన్న టెన్షన్‌తో, ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చి పోతాడు. నాకు బాధ కలిగేది అక్కడే.

సర్కారు అండ పత్తి కొనుగోలుతోనే ఆగదు. సిరిసిల్లలోనూ 2017 నుంచి కొన్నేళ్లు సాంచెలను, అంటే మరమగ్గాలను, నడిపించింది బతుకమ్మ చీరల సర్కారు ఆర్డరే.

మార్కెట్లు తెరిస్తే ప్రభుత్వం చిన్నదవుతుందన్న మొదటి వాదన పూర్తిగా తప్పని అనను. అది పన్నుల్లో కనిపిస్తుంది. 2019లో మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి దిగింది. పెట్టుబడి దేశం దాటగలదు, రైతు చేను ఎత్తుకుని పోలేడు. అందుకే నేను గట్టిగా అడుగుతున్నా: తొలి ఏరుడు నాటికే కొనుగోలు కేంద్రాలు తెరవాలి, యార్డుల్లో పత్తి ఆరబెట్టుకునే షెడ్లు కట్టాలి, ఆ డబ్బు తెరిచిన మార్కెట్‌తో లాభపడిన కంపెనీల నుంచే వసూలు చేయాలి.